బేస్ పెంచితే పాట పగులుతోందా? కారు సెట్టు మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో టైర్లు, మైలేజీ వెనక్కిపోయి మ్యూజిక్ సెట్టు ముందుకొచ్చింది. కొత్తగా స్క్రీన్ సెట్లు వేయించుకున్నవాళ్లు బాగా పెరిగినట్టున్నారు. అందరూ ఇంచుమించు ఒకే మాట అడిగారు, ‘ఈక్వలైజర్ ఎంతలో పెట్టాలి’ అని, అదే కింది, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే గీతల సంగతి. ఏదో ఒక అంకె చెప్పేస్తే నాకూ పని తేలికే, కానీ మీ బండికీ మీ స్పీకర్లకీ మీరు వినే పాటకీ కలిపి ఒకటే అంకె ఎక్కడా దొరకదు. దాన్ని ఎలా వెతుక్కోవాలో మాత్రం చెప్పొచ్చు.

ప్రశ్న: అన్నా, నాది సెడాన్ ట్యాక్సీ. రేణిగుంట ఎయిర్‌పోర్టులో యాత్రికులను ఎక్కించుకుని తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం తిప్పుతుంటాను. ఈ మధ్యనే తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు పెట్టించాను. స్పీకర్లు మాత్రం కంపెనీవే. సెట్టులో పది గీతల ఈక్వలైజర్ ఉంది, షాపు అబ్బాయి అన్నీ పైకి లేపి ఇచ్చాడు. షాపు ముందు వింటే భలేగా ఉంది కానీ రోడ్డు మీద వాల్యూం సగం దాటితే పాట పగిలిపోతోంది. పెద్దవాళ్లు ఎక్కితే ‘తగ్గించు నాయనా, తలనొప్పి’ అంటున్నారు. స్పీకర్లు మార్చేయాలా?
(తిరుపతి నుంచి ఒక ట్యాక్సీ డ్రైవరు)

జవాబు: స్పీకర్ల మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు ఆ పది గీతలనూ సున్నా మీదకు దించేయండి.

పది గీతలనూ ఒకే ఎత్తుకు లేపితే అది ఈక్వలైజర్ వాడినట్టు కాదు, ఇంకో దారిలో వాల్యూం పెంచినట్టు. అందుకే షాపు ముందు భలేగా అనిపించింది, గట్టిగా వినిపించే ప్రతిదీ మన చెవికి మొదట బాగున్నట్టే తోస్తుంది. అసలు తంటా పవర్ దగ్గర. 3 డెసిబెల్స్ పెంచితే ఆంప్, అంటే స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్, రెట్టింపు పవర్ ఇవ్వాలి, 12 పెంచితే పదహారు రెట్లు. డబ్బా మీద ‘50 వాట్స్ × 4’ అని రాసి ఉంటుంది చూడండి, అది ఒక్క క్షణం మెరిసే లెక్క. బయట వేరే ఆంప్ పెట్టకుండా కారు బ్యాటరీ మీద నడిచే సెట్టు ఒక్కో స్పీకరుకి నిలకడగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్స్ దాకానే. మీరు మామూలుగా వింటున్నప్పుడు బేస్‌కి 2 వాట్స్ ఖర్చవుతుంటే, ఆ గీతను 12కి లేపగానే 32 అడుగుతుంది. సెట్టు దగ్గర అంత లేదు. మిద్దె మీది ట్యాంకులో ఉన్న నీళ్లే అన్ని కొళాయిలకూ రావాలి, కింద ఒకటి పూర్తిగా తిప్పితే మిగతావాటిలో ధార సన్నబడుతుంది కదా, ఇదీ అంతే. ఇవ్వలేనప్పుడు ఆంప్ పాట అలల తలలను కోసేస్తుంది, మీకు వినపడే ‘పగలడం’ అదే. ఇట్లా తలలు తెగిన సౌండులోంచి పుట్టే పై శబ్దాలు ట్వీటర్ (పై శబ్దాలు పలికే చిన్న స్పీకరు) మీద పడి దాని కాయిల్‌ను వేడెక్కిస్తాయి. బేస్ పెంచితే ట్వీటర్ కాలిపోయిందేమిటా అని తల గోక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు, కారణం ఇదే.

ఇప్పుడు సెట్టింగ్ సంగతి. బండిని సందడి లేనిచోట ఆపి అద్దాలు ఎత్తండి, ఏసీ ఫ్యాన్ తక్కువలో పెట్టండి. సెట్టులో లౌడ్‌నెస్, బేస్ బూస్ట్, రాక్, పాప్, జాజ్ లాంటివన్నీ ఆఫ్ చేయండి. ఫోన్‌లోని ఈక్వలైజర్ కూడా ఆఫ్ చేయాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఫోన్ ఒకపక్క బేస్ పెంచి పంపిస్తుంటే సెట్టు దాని మీద ఇంకొంచెం పెంచుతూ ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఎన్నటికీ దొరకదు. ఫోన్ వాల్యూంను చివరికంటా కాకుండా కాస్త కిందగా ఉంచి, మిగతాది సెట్టులోనే పెంచుకోండి.

మీకు బాగా నోటికొచ్చిన పాట ఒకటి పెట్టండి. గొంతు, మృదంగం, వీణో వయొలినో స్పష్టంగా ఉన్నదైతే మేలు. డీజే పాటలతో సెట్ చేయకండి, వాటిలో గొంతు ఎట్లా ఉండాలో మనకే తెలియదు.

ఇక్కడ్నుంచి ఒకటే పద్ధతి: బాగున్నదాన్ని పెంచడం కాదు, బాగాలేనిదాన్ని తగ్గించడం. ఒక గీత పట్టుకుని కాసేపు బాగా పైకి లేపి వినండి, ఏ చెడు గుణం పెరిగిందో చెవికి తెలిసిపోతుంది. తర్వాత దాన్ని సున్నాకి తెచ్చి, ఆ చెడు మామూలుగా కూడా వినిపిస్తోందనుకుంటే రెండు మూడు మెట్లు కిందికి దించండి. వాల్యూం తక్కువలో పెట్టుకునే ఈ పరీక్ష చేయండి.

ఏ గీతలో ఏముంటుందో చెబుతాను. హెర్ట్జ్ అంకె తక్కువైతే కింది శబ్దం, పెరిగేకొద్దీ పై శబ్దం. 31 హెర్ట్జ్ గీత మీకు పనికిరాదు. డోర్లో ఉండే ఆరున్నర అంగుళాల స్పీకరు అంత కింది శబ్దం పలికించలేదు, పెంచితే ఊరికే కొట్టుకుంటుంది. దాన్ని పూర్తిగా దించేసినా పాటలో ఏమీ పోదు, పైగా స్పీకరుకి ఊపిరి ఆడుతుంది. 63 దగ్గర డోలు, డ్రమ్ముల గుద్దు ఉంటుంది. 125 దగ్గర చాలా కార్లలో ‘బొంయ్’ అనే మోత ఉంటుంది, డోర్ అట్ట అదిరేది కూడా ఇంచుమించు అక్కడే. 250 ఎక్కువైతే గొంతు బిందెలోంచి వచ్చినట్టు ముద్దగా ఉంటుంది. మామూలు కార్లలో ఈ 125, 250 గీతలు రెండూ కాస్త దించితే చాలు, సగం జబ్బు పోతుంది. 500, 1 కిలో హెర్ట్జ్ గీతలను నిజంగా అవసరమైతే తప్ప కదిలించకండి, గొంతు ఒళ్లంతా అక్కడే ఉంది.

మీ యాత్రికుల తలనొప్పి మాత్రం 2, 4 కిలో హెర్ట్జ్ గీతల్లో ఉంది. మనిషి చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేది 2 నుంచి 5 కిలో హెర్ట్జ్ మధ్యనే. పసిపిల్లల ఏడుపు, నాదస్వరం, జేగంట మనల్ని అంత తొందరగా తాకడానికి కారణం ఇదే. మీరు తిప్పేది యాత్రికులను, వేసేవి భక్తి పాటలే అయి ఉంటాయి, వాటిలో సన్నాయి, తాళాలు, కోరస్ అన్నీ ఇక్కడే గుమిగూడతాయి. ఈ రెంటినీ రెండు మూడు మెట్లు దించి చూడండి, వాల్యూం తగ్గించకుండానే ‘ఇప్పుడు బాగుంది నాయనా’ అంటారు. 8లో తాళం మెరుపు, 16లో గాలి లాంటి పలచటి సన్నదనం ఉంటాయి. పాత రికార్డింగ్ అయితే 16లో పాట కంటే బుస్సుమనే టేపు రొదే ఎక్కువ, పెంచితే ఆ రొదే పెరుగుతుంది.

చివర్న రోడ్డెక్కి ఇంకోసారి వినండి. బండి పరిగెడుతుంటే టైర్ల రొద కింది శబ్దాలను మింగేస్తుంది కాబట్టి ఆపి ఉంచినప్పుడు సరిపోయిన బేస్ నాయుడుపేట హైవే మీద సరిపోదు. 63ని రెండు మెట్లు పెంచి, దాన్ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. ఊళ్లో ఒకటి, హైవేకి ఒకటి. అన్నీ పైకి లేపి ఇచ్చిన ఆ షాపులో మళ్లీ చెవి పరీక్ష పెట్టించుకోకండి, అక్కడ వినిపించేది ఎప్పుడూ షాపు పాటే.

ప్రశ్న: చిత్తూరు నుంచి పలమనేరుకి రోజూ కారులో వెళ్లి వచ్చే టీచర్ని. నాకు పాటల కంటే ప్రవచనాలు ఇష్టం. కానీ మాట తేటగా ఉండదు. కొందరి గొంతు గుమ్ముమని మోగుతుంది, కొందరిదైతే ‘స’, ‘శ’ వచ్చినప్పుడల్లా ఈల వేసినట్టు చెవిలో దూసుకుపోతుంది. నా సెట్టులో బేస్, మిడ్, ట్రెబుల్ అని మూడే ఉన్నాయి.

జవాబు: మూడే ఉండటం మీకు మంచిదే మేడం, పాడుచేసుకునే దారులు తక్కువ. మాటకు బేస్ దాదాపు అక్కర్లేదు. పాత టెలిఫోన్ లైన్లో పోయేది 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే, అయినా అవతలివాళ్లు ఎవరో, ఏ మూడ్‌లో ఉన్నారో కూడా మనకు తెలిసిపోయేది కదా. అందుకని బేస్‌ను మైనస్ 4 దాకా దించండి, గుమ్ముమనడం అక్కడికి చాలావరకు తగ్గుతుంది. మిడ్ ఒకటో రెండో పెంచండి. ఈలకు మూలం 5 నుంచి 8 కిలో హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మీ సెట్టులో అది ట్రెబుల్ కిందకు వస్తుంది కాబట్టి ట్రెబుల్ రెండు తగ్గించండి. అంతకు మించి తగ్గిస్తే ‘స’కీ ‘ఫ’కీ తేడా పోతుంది.

ఒకటి గమనించండి. ట్వీటర్లు డ్యాష్‌బోర్డు మూలల్లో ఉండి అద్దానికి తగిలి వస్తుంటే ఈ ఈల రెట్టింపవుతుంది. బ్యాలెన్స్‌ను మీ వైపు నుంచి ఒకటి రెండు మెట్లు ఎడమకు జరిపి వినండి, మీ కుడిచేతి పక్కనున్న ట్వీటరు జోరు తగ్గుతుంది. ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల పాళ్లు మార్చేది) కూడా ముందుకు తెచ్చుకోండి, వెనక సీటు ఖాళీగా ఉన్నప్పుడు వెనక స్పీకర్లు మాటను గజిబిజి చేయడం తప్ప ఏమీ చేయవు. ఇంకో సంగతి, ప్రవచనం రికార్డింగే నాసిరకంగా ఉంటే, చప్పట్లూ హాలు ప్రతిధ్వనీ అన్నీ కలిపి ఫోన్‌తో తీసింది అయితే, ఏ గీతా దాన్ని బాగుచేయదు. అదే ప్రవచనానికి వేరే రికార్డింగ్ ఉందేమో చూసుకోవడం మేలు.

ప్రశ్న: పుత్తూరులో కొత్త డోర్ స్పీకర్లు వేయించాను. పాతవాటికంటే ఖరీదైనవి, కానీ బేస్ పాతవాటిలో సగం కూడా లేదు. ఎంత పెంచినా అంతే.

జవాబు: ఈక్వలైజర్ జోలికి పోకండి, వైర్లు చూడండి. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైనట్టుంది. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, కింది శబ్దాలు గాల్లోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కనిపెట్టడం తేలిక: పాట పెట్టి బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పండి, తర్వాత నడిమికి తెండి. రెండు స్పీకర్లూ మోగుతున్నప్పుడు బేస్ పెరగాలి. ఒక్కటి మోగినప్పుడే ఎక్కువగా ఉండి, నడిమికి రాగానే పలచబడితే వైర్లు తిరగబడ్డట్టే లెక్క.

ఏ డోర్లో తప్పో తేల్చడానికి స్పీకరు వైర్లు సెట్టు నుంచి పూర్తిగా ఊడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్ట్ సెల్లు ఒకటి తీసుకుని వైర్ల చివర్లకు అలా తగిలించి ఇలా తీసేయండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కి తగిలినప్పుడు స్పీకరు ముందున్న కాగితం ముందుకు ఉబుకుతుంది, లోపలికి పోతే ఆ వైరు తిరగబడింది. వైర్లు ఊడదీయకుండా ఈ పని చేస్తే సెట్టు పోతుంది, జాగ్రత్త. మీకు చేతకాదనుకుంటే వేసినవాళ్ల దగ్గరికే వెళ్లి ఫ్రీగా సరిచేయించుకోండి, తప్పు వాళ్లదే.

ప్రశ్న: చంద్రగిరి, తిరుపతి మధ్య షేర్ ఆటో నడుపుతాను సామీ. సీటు వెనక రెండు స్పీకర్లు, చిన్న ఆంప్ ఉన్నాయి. కారులో వచ్చినంత బేస్ రావాలంటే ఏ నంబరు పెంచాలి?

జవాబు: ఏ నంబరు పెంచినా రాదు. కారులో బేస్ గట్టిగా ఉండేది అద్దాలు మూసిన చిన్న గదిలా ఉంటుంది కాబట్టి, ఆటోలో రెండు పక్కలా గాలే. పెంచేకొద్దీ ఆంప్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది, స్పీకరు అంచు చిరుగుతుంది. బేస్ రెండు మెట్లు తగ్గించి, గొంతుండే మిడ్‌ను ఒక మెట్టు పెంచండి, ట్రాఫిక్ రొదలో కూడా పాట తెలుస్తుంది.

స్పీకర్లు మీ మెడ వెనకే ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైం సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2. మీరు పొద్దస్తమానం అందులోనే కూర్చుంటారు, ఎక్కి దిగేవాళ్లకేం. ఇంకా రుయా ఆసుపత్రి లాంటి చోట్ల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం స్కూళ్లకీ కోర్టులకీ కూడా అంతే. అక్కడ పాట ఆపేయండి.

ప్రశ్న: ఆక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో ‘కుయ్య్’ అని సన్నగా వస్తోంది, వేగం పెరిగితే అదీ పెరుగుతోంది. ట్రెబుల్ పూర్తిగా తగ్గించినా ఉంది.

జవాబు: అది ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది) రొద. ఎర్త్ సరిగా లేదు. సెట్టు ఎర్త్ వైరు, ఆంప్ ఉంటే దాని ఎర్త్ వైరు, రంగు గీకిన గట్టి ఇనుముకు బిగించారా లేదా చూపించండి, ఆంప్‌కి పోయే ఆడియో వైరూ కరెంటు వైరూ ఒకే పక్కన కలిపి లాగారేమో కూడా. ఫోన్‌ను కారులో చార్జింగ్ పెట్టి ఆక్స్ వైరుతో వింటున్నప్పుడే వస్తుంటే, చార్జర్ తీసేయగానే పోతుంది. ట్రెబుల్‌ను దాని చోట మళ్లీ పెట్టుకోండి.

ప్రశ్న: మదనపల్లెలో ఇంజనీరింగ్ చదువుతున్నా అన్నా. మా నాన్న కారు డిక్కీలో ఊఫర్, ఆంప్ పెట్టించా. బేస్ వస్తోంది కానీ డిక్కీలోంచి వస్తున్నట్టే తెలుస్తోంది, నంబర్ ప్లేటు గిలగిలా కొట్టుకుంటోంది. వీడియోల్లో బేస్ ముందు నుంచి వినిపిస్తుందంటారు. టైం అలైన్‌మెంట్ అంటే ఏమిటి? నాన్న తిట్టకుండా ఎలా సెట్ చేయాలి?

జవాబు: తమ్ముడూ, చివరి దానికి మాత్రం నా దగ్గర సెట్టింగ్ లేదు.

ఊఫర్ వెనకుందని చెవికి తెలిసిపోతోందంటే అది పలకకూడనివి కూడా పలుకుతోంది. బాగా కింది శబ్దాలు ఎటునుంచి వస్తున్నాయో మన చెవి పట్టుకోలేదు, పైకి వచ్చేకొద్దీ పట్టుకుంటుంది. ఆంప్ మీద ఎల్‌పీఎఫ్ (కింది శబ్దాలనే పోనిచ్చేది) అనే తిప్పుడు బొత్తం ఉంటుంది, అది 120కో 150కో ఉంటే 80 హెర్ట్జ్ దగ్గరికి తీసుకురా. సెట్టులో డోర్ స్పీకర్లకు హెచ్‌పీఎఫ్ (పై శబ్దాలనే పోనిచ్చేది) ఆన్ చేసి దాన్నీ 80కి పెట్టు. ఇప్పుడు కింది పని ఊఫర్‌ది, పై పని డోర్లది, డోర్ స్పీకర్లు కొట్టుకోవడం ఆగి గొంతు కూడా తేటపడుతుంది. బేస్ బూస్ట్ అని ఆంప్ మీద ఇంకో బొత్తం ఉంటే దాన్ని సున్నాలో పడుకోబెట్టు. గెయిన్ కూడా వాల్యూం అనుకోకు, అది సెట్టు నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ను సరిపెట్టేది. తక్కువ నుంచి మొదలుపెట్టి, సెట్టు వాల్యూం ముప్పావు దగ్గర సౌండు పగలని చోట ఆపు.

తర్వాత ఫేజ్ స్విచ్, ఊఫర్ కదిలే దిశను తిరగేసేది, 0, 180 అని ఉంటుంది. డ్రైవరు సీట్లో నువ్వు కూర్చుని, వెనక నుంచి ఫ్రెండుని ఆ స్విచ్ అటూ ఇటూ వేయమను. ఎటు వేస్తే డ్రమ్ము దెబ్బ గట్టిగా, ముందు నుంచి వచ్చినట్టు ఉందో అటు ఉంచు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

టైం అలైన్‌మెంట్ లెక్క నీకు సులువే. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకి 2.9 మిల్లీసెకన్లు. మన బండ్లలో డ్రైవరు కుడిపక్క, కుడి డోర్ స్పీకరు నీ చెవికి 90 సెంటీమీటర్లు, ఎడమది 150 అనుకో. తేడా 60, కాబట్టి కుడి స్పీకరుని 1.75 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే రెండూ ఒకేసారి అందుతాయి, పాడేవాళ్లు కుడి మోకాలి దగ్గర కాకుండా డ్యాష్‌బోర్డు నడిమిలో ఉన్నట్టు తెలుస్తుంది. అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని, మామూలుగా అది ఊఫరే, సున్నాలో ఉంచి, దగ్గరున్నవాటికే ఆలస్యం ఇవ్వాలి. టేపుతో కొలిచి పెట్టు, తర్వాత చెవితో కొద్దిగా సర్దుకో. అయితే ఇది ఒక్క సీటుకే. నువ్వు నీకోసం సెట్ చేసుకుంటే పక్క సీట్లో అమ్మకు అంతా ఎడమ డోరులోంచి వచ్చినట్టుంటుంది, అందుకే ఇంట్లోవాళ్లంతా వెళ్లేటప్పుడు ఆఫ్ చేసెయ్.

నంబర్ ప్లేటు వెనక రెండు ముక్కలు ఫోమ్ టేపు అంటించు, చాలు. ప్లేటు మోత ఆగాక డిక్కీ మూత లోపలి అట్ట మోత బయటపడుతుంది, అక్కడ బ్యుటైల్ షీటు (అదురు ఆపే రబ్బరు షీటు) అంటించాలి. ఇవి చేయకుండా ఈక్వలైజర్లో బేస్ తగ్గించుకుంటూ పోతే ఊఫర్ కొన్న డబ్బు దండగ.

ప్రశ్న: అలిపిరి నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు పాట మసకబారినట్టు అవుతుంది, ఎఫ్ఎం అయితే మధ్యలో బుస్సుమంటుంది. ట్రెబుల్ పెంచుకుంటున్నా, దిగొచ్చాక మళ్లీ కీచుమంటోంది. ఆటోమేటిక్‌గా మారే సెట్లు ఉన్నాయా?

జవాబు: మసకబారింది పాట కాదు, మీ చెవులు. ఎత్తుకు పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి, కర్ణభేరి వెనకున్న గాలి బయటికి తోస్తుంది, దిగేటప్పుడు దీనికి ఎదురు జరుగుతుంది. అప్పుడు అన్ని శబ్దాలూ దూది అడ్డం పెట్టినట్టు ఉంటాయి. గుటక వేయండి, ఆవలించండి, లేదా ఓ చాక్లెట్ చప్పరించండి. జలుబు చేసినప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది.

ఎఫ్ఎం సంగతి వేరు. ఆ సిగ్నల్ దాదాపు సూటిగా పోతుంది, మలుపులో కొండ అడ్డం రాగానే బలహీనపడి బుస్సుమంటుంది. ఆ బుస్సు ఎక్కువగా పై శబ్దాల్లోనే ఉంటుంది కాబట్టి అక్కడ ట్రెబుల్ తగ్గించాలి, మీరు పెంచుతున్నారు. పైగా ఎఫ్ఎం 15 కిలో హెర్ట్జ్ దాటి ఏమీ మోయదు, 16 గీతతో ఆడినా లాభం లేదు. కొన్ని సెట్లలో సోర్స్‌కి ఒక సెట్టింగ్ దాచుకునే వీలుంటుంది, రేడియోకి ట్రెబుల్ తక్కువగా, ఫోన్ పాటలకి మామూలుగా పెట్టి సేవ్ చేసుకోండి. ఘాట్లో మలుపు మలుపుకీ స్క్రీన్ ముట్టుకునే పని మాత్రం పెట్టుకోకండి, ఎదురుగా బస్సు లేకపోయినా ముందు బస్సు ఉంటుంది.